చెరువు కింది భూమి

తెలంగాణ పల్లెల్లో, రాయలసీమలో ఒక ఇంటి స్తోమత తెలుసుకోవాలంటే ఎన్నెకరాలున్నాయని అడిగి ఊరుకునేవారు కాదు, అందులో చెరువు కింద ఎంతుందని కూడా ఆరా తీసేవారు. పాతిక ఎకరాల మెట్ట ఉన్న ఇంటికంటే మూడెకరాల మాగాణి ఉన్న ఇంటికి పిల్లనివ్వడానికే మొగ్గు చూపేవారు. సర్కారు లెక్క కూడా అలాగే ఉండేది. నిజాం రాజ్యంలో భూమిని తరి (మాగాణి), ఖుష్కి (మెట్ట) అని రెండుగా విడగొట్టి, తరికి ఎన్నో రెట్లు ఎక్కువ శిస్తు వేశారు. మన్ను ఒకటే, సరిహద్దు గట్టు ఒకటే అయినా, తూము నీళ్లు ఎక్కిన చేనూ ఎక్కని చేనూ ఒకే ధర పలికేవి కావు. ఈ సీమల్లో భూమి అంటే మన్ను మీద హక్కు, నీటిలో వాటా, ఆ నీటిని నిలబెట్టే పనిలో వంతు. ఈ మూడూ కలిసి ఉన్నంత కాలం చెరువులు నిలిచాయి. గత రెండు వందల ఏళ్లలో వీటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీశాం. చెరువులు పాడుపడటానికి డబ్బు లేకపోవడం, పూడిక పేరుకోవడం కారణాలని చెబుతుంటారు. అవి పైకి కనిపించే లక్షణాలే. అసలు జబ్బు ఈ ఎడబాటులో ఉంది.

దక్కన్ పీఠభూమి తీరు అలాంటిది. కృష్ణా గోదావరులు లోతైన లోయల్లో పారుతూ పోతాయి. వాటి నీరు తనంతట తానుగా ఎగువ చేలకు ఎక్కదు. వాన నాలుగు నెలల్లో కురుస్తుంది, అదీ కొన్ని పెద్ద వానల్లోనే. నేల రాతి మీద పలుచగా పరచుకున్న ఎర్రమన్ను, నీటిని ఎక్కువ కాలం పట్టి ఉంచలేదు. అయితే ఇక్కడి నేల అలలు అలలుగా వాలి ఉంటుంది. రెండు గుట్టల మధ్య అడ్డుకట్ట వేస్తే చాలు, వాన నీరు నిలుస్తుంది. ఆ చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కిందనున్న చెరువులోకి, అక్కడి నుంచి దాని కింది చెరువులోకి చేరుతుంది. గొలుసుకట్టు చెరువులంటే ఇవే. పై ఊరివాళ్లు మత్తడిని బెత్తెడు ఎత్తు పెంచినా కింది ఊరి పంట దెబ్బతింటుంది. పై కట్ట తెగితే ఆ వరద కింది కట్టలను వరసగా తెంచుకుంటూ పోతుంది. ఇలాంటి చోట ఏ రైతూ తన పొలం తన ఇష్టమని అనుకోవడానికి వీలుండేది కాదు. అతని చేను తడవాలంటే ఊరు కట్టను కాయాలి, పై ఊరు మాట మీద నిలబడాలి.

ఈ ఎరుక ఎంత పాతదో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం చూపిస్తుంది. విజయనగర చక్రవర్తి మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఉదయగిరి సీమను పాలిస్తూ అక్కడ పెద్ద చెరువు కట్టించి, 1369లో ఆ సంగతిని రెండు రాతి పలకల మీద చెక్కించాడు. పనికి రెండేళ్లు పట్టిందనీ, రోజుకు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పనిచేశాయనీ అందులో ఉంది. అంతకంటే విలువైనది, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ చెరువును చెడగొట్టే ఆరు దోషాలనూ ఆ శాసనం ఏకరువు పెట్టడం. ధర్మాత్ముడైన పాలకుడు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, దూరం నుంచి వచ్చే తియ్యని నీటి ఏరు, కట్టకు ఆసరాగా గుట్టలు, మంచి రాతి గని, చేరువలో పండే చదును నేల, పని తెలిసిన మనుషులు - ఇవన్నీ ఒకే పట్టికలో ఉన్నాయి. దోషాల్లో కట్ట ఊట, చౌడు నేల ఉన్నట్టే, రెండు రాజ్యాల పొలిమేరలో చెరువు ఉండటమూ ఉంది. నీరు కొంచెమై తడపవలసిన నేల ఎక్కువైనా దోషమే, నీరు ఎక్కువై నేల కొంచెమైనా దోషమే. ఈ పట్టిక రాసినవారి దృష్టిలో చెరువంటే కట్ట ఒక్కటే కాదు. పాలన, నైపుణ్యం, నేల, నీరు, మనుషులు ఒకదానికొకటి తూగినప్పుడే అది చెరువు. పొలిమేర తగాదాను చౌడు నేలతో సమానమైన దోషంగా లెక్కపెట్టినవారికి నీటి సమస్యలో సగం మనుషుల మధ్యే ఉంటుందని బాగా తెలుసు.

అంతకు నూరేళ్లకు పైగా ముందే కాకతీయులు ఈ పనిని రాజ్యనీతిగా మలిచారు. గణపతిదేవుని కాలంలో సేనాని రేచెర్ల రుద్రుడు రామప్ప గుడితో పాటు చెరువునూ కట్టించాడు. జగదాల ముమ్మడి పాకాల చెరువు కట్టించాడు. చక్రవర్తి చెల్లెలు మైలాంబ బయ్యారం చెరువు తవ్వించి శాసనం వేయించింది. ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు: ఇవి పుణ్యం కోసం, కీర్తి కోసం పెద్దవాళ్లు కట్టించినవి కదా, ఊరి బాధ్యతకు సాక్ష్యం ఎలా అవుతాయని. కట్టించింది పెద్దవాళ్లే. కానీ ఒక రాణి పుణ్యం మట్టి కట్టను ఏడు వందల ఏళ్లు నిలపలేదు. ఏటా వానకు ముందు కట్ట మీది గండ్లు పూడ్చాలి, మొలిచిన చెట్లు తీయాలి, కాలువల్లో ఒండ్రు ఎత్తాలి. దానికి దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టినవారికో బాగుచేసినవారికో దాని ఆయకట్టులో కొంత భాగాన్ని మాన్యంగా ఇచ్చేవారు. చెరువు బాగోగులు చూసినంత కాలమే ఆ భూమిని అనుభవించాలన్నది దాని వెనుక ఉన్న నియమం. రాయలసీమ జిల్లాల్లో ఈ ఈనాములు ఇంగ్లీషువాళ్ల కాలం దాకా నడిచాయి. భూమి ఇక్కడ చేసే పనికి ప్రతిఫలం. పని ఆగితే హక్కుకు ఆధారం పోయినట్టే.

రోజువారీ నడకలో ఈ బంధం తూము దగ్గర కనిపించేది. పాత చెరువుల్లో తూము మీద రెండు రాతి స్తంభాలు నిలబెట్టి, వాటి మధ్య చిల్లులున్న అడ్డరాళ్లు అమర్చేవారు. ఆ చిల్లుల్లోంచి దించిన గడకు అడుగున బిరడా ఉండేది. గడను కొంచెం లేపితే కొంచెం నీరు, ఎక్కువ లేపితే ఎక్కువ నీరు. ఆ గడ మీద చెయ్యి వేసే అధికారం ఊళ్లో ఎవరికి బడితే వారికి ఉండేది కాదు. అది నీరటిది. ఏ మడి ఎన్నాళ్లకు ఎండుతుందో, ఏ పిల్లకాలువ ఎక్కడ తెగుతుందో అతనికి తెలుసు. రాత్రిపూట కట్టమీద కాపలా, వంతుల ప్రకారం నీళ్లు కట్టడం అతని పని. దానికి బదులుగా కొద్దిపాటి మాన్యం, కళ్లంలో గింజలు. వానాకాలపు ఆబి పంట అయ్యాక చెరువులో మిగిలిన నీటిని చూసి, యాసంగిలో వేసే తాబి పంటకు ఎన్ని ఎకరాలు తడపాలో నాటుకు ముందే తేల్చేవారు. తెలంగాణలో దాన్ని తైబందీ అంటారు. నీరు తక్కువైన ఏడు కొందరి భూమి పడావు పడేది. అయినా ఎంత నేల తడుస్తుందో ముందే తెలియడం వల్ల అందరూ నాటి, అందరూ ఎండబెట్టుకునే దుస్థితి తప్పేది. వేసవిలో ఎండిన చెరువు నుంచి ఒండ్రు తోలి చేలకు వేసుకునేవారు. దాంతో చెరువు లోతు పెరిగేది, చేను బలం పుంజుకునేది.

ఇదంతా చెబుతుంటే గట్టి అభ్యంతరం ఒకటి ఎదురవుతుంది, దాన్ని దాటవేయకూడదు. ఆ ఊరు సమానుల ఊరు కాదు. తూముకు దగ్గరి మడులు పెద్ద కులాలవి, కట్ట మీద మట్టి మోసిన చేతులు ఎక్కువగా భూమి లేనివారివి. తరతరాలుగా నీళ్లు పంచిన నీరటి చాలా ఊళ్లలో దళితుడే. అతను పంచిన నీటిలో అతని వాటా అత్యల్పం. తెలంగాణలో దేశ్‌ముఖుల వెట్టి ఎలాంటిదో 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటం లోకానికి చెప్పింది. ఆ పాత ఊరిని యథాతథంగా తిరిగి తెచ్చుకోవాలని కోరేవారు చరిత్ర సగమే చదివినట్టు. కానీ ఈ విమర్శ నుంచి తేలేది ఏమిటి? బాధ్యత అందరిదీ, ఫలం కొందరిదీ కావడం అన్యాయం. దానికి మందు ఫలాన్ని కూడా పంచడం. జరిగింది వేరు. జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది, ఈనాములు రద్దయ్యాయి. ఇవన్నీ అవసరమైనవే. అయితే భూమిని పంచడం గురించి ఆలోచించిన చట్టాలు నీటిని ఎలా పంచాలో, కట్టను ఎవరు కాయాలో చెప్పలేదు. వెట్టితో పాటు కట్ట పని కూడా పోయింది. దాని స్థానంలో కూలి ఇచ్చి గౌరవంగా చేయించుకునే ఏర్పాటు నిలదొక్కుకోలేదు.

ఈ ఎడబాటు స్వాతంత్ర్యం తర్వాత మొదలైంది కాదు. రాయలసీమ దత్త మండలాల్లో కంపెనీ అధికారి మన్రో నాటిన రైత్వారీ పద్ధతి ప్రతి చేనునూ విడిగా కొలిచి, నంబరు వేసి, ఒక్కొక్క రైతు పేర పట్టా రాసింది. మధ్య దళారులు పోయి రైతుకు నేరుగా హక్కు దక్కడం మేలే. కానీ పట్టా కొలిచింది మన్నునే. నీరు సర్కారుదైంది. ఊరు కలిసి చేసే కుడిమరామత్తు సడలిపోతుంటే 1858లో మద్రాసు రాజధానిలో నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. ఆనవాయితీ ప్రకారం చేయవలసిన పని చేయనివారి నుంచి దాని విలువకు రెట్టింపు రాబట్టే అధికారం అందులో ఉంది. ఊరు తనంతట తాను చేసే పనికి చట్టం అవసరమైందంటే ఆ ఆనవాయితీ వేళ్లు అప్పటికే కదిలాయన్నమాట. 1865 చట్టంతో నీటి పన్ను భూమి శిస్తు నుంచి విడిపడి వేరే పద్దుగా నిలిచింది. 1802 నాటి శాశ్వత బందోబస్తులో భూమితో పాటు నీరు కూడా దఖలుపడిందా లేదా అన్న ప్రశ్న మీద శ్రీకాకుళం వైపు ఉర్లాం జమీందారీ పెట్టుకున్న తగాదా లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా పోయింది. 1917లో జమీందారు పక్షాన తీర్పు వచ్చింది. భూమిలో నీరు ఇమిడి ఉందా అని కోర్టును అడగవలసిన స్థితి వచ్చిందంటేనే ఆ రెండూ ఎంత దూరం జరిగాయో తెలుస్తుంది.

డెల్టాను చూపించి కొందరు ఎదురు ప్రశ్న వేస్తారు. 1832-33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమను తుడిచిపెట్టింది. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాక గోదావరి జిల్లాలు అన్నపూర్ణలయ్యాయి. 1855కల్లా బెజవాడ ఆనకట్టతో కృష్ణా డెల్టా కూడా పచ్చబడింది. సర్కారు చేతిలో నీరుంటే ఇంత మేలు జరిగింది కదా అన్నది వారి వాదన. అక్కడ జరిగిన మేలు నిజం, కాటన్ విగ్రహాలకు ఆ జిల్లాల రైతులు దండలు వేయడం న్యాయం. అయితే డెల్టాలో ఒకే నది, ఒకే ఆనకట్ట, ఒక వాలున పారే కాలువలు. ఒక శాఖ అక్కడ కూర్చుని నడపగలదు. తెలంగాణలో లెక్కకు వచ్చిన చెరువులే 46 వేలకు పైన. ఒక్కో చెరువుకు ఒక్కో వాగు, ఒక్కో నేల, ఒక్కో వంతుల పద్ధతి. ప్రతి తూముకూ ఒక ఉద్యోగిని ఏ ప్రభుత్వమూ పెట్టలేదు. డెల్టాకు సరిపోయిన పాలనను మెట్టకు తగిలించడం వల్లే చెరువు ఎవరిదీ కాకుండా పోయింది.

చెరువు వదిలేసిన చోటును బోరు ఆక్రమించింది. 1950లలో తెలంగాణ సాగునీటిలో సగానికి పైగా చెరువులదే. నేడు సింహభాగం బావులు, బోర్లది. బోరు సన్నకారు రైతును తూము దగ్గరి పెద్దల దయ నుంచి తప్పించిందన్న మాటలో నిజముంది. నీటి కోసం ఎవరి గడప తొక్కనక్కరలేని స్వేచ్ఛను తక్కువ చేయకూడదు. కానీ ఆ స్వేచ్ఛ ఎంతకాలం నిలిచింది? తన నేల కింద ఉన్న నీటిని తోడుకునే హక్కు భూ యజమానిదేనన్నది 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం నుంచి వచ్చిన భావన. నేల కింది నీరు మాత్రం సర్వే నంబర్లను ఎరగదు. లోతుగా వేయగల స్తోమత ఉన్నవాడి బోరు పక్కవాడి బోరును ఎండగడుతుంది. అప్పు చేసి బోరు మీద బోరు వేసి ఒట్టిపోయిన రైతుల చావులు మన ఊళ్లన్నిటికీ తెలుసు. పైగా ఆ బోర్లకు ఊట ఇచ్చేది చెరువే. తూము పెద్దల ఆధిపత్యం నుంచి పారిపోయి పెట్టుబడి ఆధిపత్యం కిందికి చేరాం.

తప్పు దిద్దుకునే ప్రయత్నాలు జరగలేదని కాదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుల యాజమాన్య చట్టంతో నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి, 2002లో నీరు-భూమి-చెట్టు చట్టం వచ్చింది, 2015లో మొదలైన మిషన్ కాకతీయ వేల చెరువుల్లో పూడిక తీయించింది. కాంట్రాక్టరు తీసిన పూడిక కళ్లకు కనిపిస్తుంది, కొలతకు అందుతుంది. దాన్ని మళ్లీ పేరుకోకుండా చూసే మనిషి మాత్రం ఆ ఎస్టిమేటులో ఉండడు. మరోపక్క భూమి ధరకు నీటితో సంబంధమే తెగిపోయింది. హైదరాబాదు చుట్టూ ఎకరం విలువను రోడ్డు నిర్ణయిస్తోంది. అక్కడ చెరువులో నీరు నిలిచే శిఖం భూమి ఖాళీ ప్లాటులా కనిపిస్తోంది, చెరువుకు నీరు తెచ్చే వాగు కాలనీకి అడ్డంగా కనిపిస్తోంది. వాన గట్టిగా పడ్డ ఏడు ఆ కాలనీలే మునుగుతున్నాయి.

కాబట్టి ఇకమీద చెరువు గురించి ఆలోచించేవారు పూడిక దగ్గరే ఆగకూడదు, మన్ను మీద హక్కు, నీటిలో వాటా, పనిలో వంతు అనే ఆ మూడు ముక్కలనూ మళ్లీ కలపాలి. ఆయకట్టులో భూమి ఉన్న ప్రతివారి నుంచి ఎకరానికింత అని వసూలు చేసి నీరటికి సరైన జీతం ఇవ్వాలి, ఆ కొలువు కులాన్ని బట్టి కాక పనితనాన్ని బట్టి దక్కాలి. తైబందీ నాటుకు ముందే ఊరి ఎదుట తేలాలి. ఆ చెరువు ఊటతో నడిచే బోర్లవాళ్లు కూడా సంఘంలో సభ్యులై ఖర్చు భరించాలి. కౌలు రైతులకు, చేపలు పట్టేవారికి, కట్ట పని చేసే భూమిలేనివారికి అందులో మాట చెల్లాలి. శిఖంతో పాటు చెరువులోకి నీరు వచ్చే దారులన్నీ రికార్డుకెక్కాలి. ఇది పాత ఊరిని తిరిగి తేవడం కాదు, పాత ఊరికి తెలిసిన ఒక సత్యాన్ని పాత ఊరి అన్యాయం లేకుండా నిలబెట్టడం. పోరుమామిళ్ల శాసనం చెరువుకు పన్నెండు అంగాలు చెప్పింది. వాటిలో యంత్రంతో తెచ్చుకోగలిగినవి మన దగ్గర ఇప్పుడు మెండుగా ఉన్నాయి. మనుషుల మధ్య ఒప్పందంతో తప్ప రానివి కరువయ్యాయి. ఆ ఒప్పందం కుదరనంత కాలం మన పట్టా పుస్తకాల్లో రాసి ఉన్నది మన్ను విస్తీర్ణం మాత్రమే.