నాడీస్పందనల గణితము: ఒక మదరాసు శాఖ

1926వ సంవత్సరమున ఏడ్రియన్, జోటర్మన్ అను శాస్త్రజ్ఞులు కప్ప కండరమునుండి బయలుదేరు ఒంటి నాడీతంతువు స్పందనలను నమోదు చేసి, ప్రేరణ తీవ్రమగు కొలదిని స్పందన పరిమాణము పెరుగదనియు, స్పందనల తరచుదనము మాత్రమే హెచ్చుననియు చూపినది మొదలుకొని, స్పందనకును స్పందనకును నడుమనుండు విరామములయందే నాడి చెప్పదలచిన దంతయు ఇమిడియున్నదేమో యను శంక గణితజ్ఞులను విడువలేదు.

నాడీత్వచమునకు, అనగా నాడీకణపు పైపొరకు, గణితరూప మిచ్చు ప్రయత్నము అంతకు ముందే యారంభమైనది. మా రాయవరము మాగాణులలో నీరు మడి నిండువరకు నిలిచి, పిమ్మట గట్టుమీదుగా పొరలి దిగువమడికి పోవును; గట్టున పీతబొరియ యున్నచో, కాలువ సన్నగా పారు దినములలో మడి యెన్నటికిని నిండదు. 1907లో ఫ్రాన్సు దేశీయుడు లాపిక్ త్వచమును గూర్చి చేసిన యూహ ఇట్టిదే: అది విద్యుదావేశమును కూడబెట్టును, కొంత కారవిడుచును, హద్దు చేరినప్పుడు ప్రేరిత మగును. 1952లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీలు స్క్విడ్ అను సముద్రజీవి స్థూలతంతువును పరిశోధించి, సోడియము, పొటాసియము అయానుల రాకపోకలను నాలుగు అవకలన సమీకరణములందు బంధించిరి. అయినను ఒకే ప్రేరణను పదేపదే యిచ్చినను ఒకే కణము ఒకే విరామముల వరుసను మరల చూపదు. ఈ చాపల్యమును లెక్కకు దెచ్చుటకు సంభావ్యతాశాస్త్రము కావలసివచ్చెను. అచ్చటనే మదరాసు ప్రవేశించుచున్నది.

నెల్లూరు మండలమందలి పుదూరునుండి వచ్చి, రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడుగా ప్రసిద్ధికెక్కిన అల్లాడి కృష్ణస్వామి అయ్యరుగారి కుమారుడు అల్లాడి రామకృష్ణన్, హోమీ భాభా చెంత చేరి విశ్వకిరణముల సమస్యను చేపట్టెను. అంతరిక్షమునుండి వచ్చిన యొక రేణువు వాతావరణమును తాకి శాఖోపశాఖలై వర్షించునప్పుడు, ఏ శక్తి గల రేణువు లెన్ని యుండునో చెప్పుట యెట్లు? 1950లో కేంబ్రిడ్జి ఫిలసాఫికల్ సొసైటీ పత్రికలో ప్రకటించిన వ్యాసమున ఆయన చూపిన యుపాయము మిక్కిలి సరళము. శక్తిరేఖపై అత్యల్పమగు ఖండమును గైకొన్నచో, అందొక రేణువుండవచ్చును, లేకపోవచ్చును, రెండుండుట దాదాపు అసంభవము. కావున ఆ ఖండమందలి సగటు సంఖ్యయు, అందొకటి యుండు సంభావ్యతయు సమానము లగును. రెండేసి, మూడేసి ఖండములను కలిపి యిట్లే సాగినచో, వేనవేల రేణువులను విడివిడిగా వెంబడింపకయే వాని పరస్పరసంబంధము చేజిక్కును.

శక్తిరేఖకు బదులు కాలరేఖను, రేణువునకు బదులు స్పందనను నిలిపినచో ఆ గణితమే నాడీకణమునకును వర్తించును. రామకృష్ణన్ శిష్యుడును, మదరాసు ఐ.ఐ.టి. ఆచార్యుడును అగు ఎస్. కె. శ్రీనివాసన్ ఈ మార్గమున ముందుకు సాగెను. 1965లో హాలండు పరిశోధకులు టెన్ హూపెన్, ర్యూవర్‌లు ప్రతిపాదించిన సమస్యను ఆయన రాజమన్నార్ అను సహపరిశోధకునితో కలిసి 1970 ప్రాంతమున విస్తరించెను. కణమునకు రెండు ప్రవాహములు వచ్చునని యనుకొందము: ఒకటి ప్రేరకము, ఒకటి నిరోధకము. ప్రతి నిరోధకస్పందనయు తన తరువాత వచ్చు ప్రేరకమును ఒక్కదానిని చంపును. ప్రేరకము వచ్చులోపల నిరోధకములు పెక్కు వచ్చినను ఒకదానితో సమానమే. బ్రతికి బయటపడిన ప్రేరకములే కణము స్పందనలు. ప్రేరకములు దాదాపు సమవిరామముతో వచ్చుచున్నచో, ఒకటి చచ్చినప్పుడు విరామము రెట్టింపగును, వరుసగా రెండు చచ్చినచో మూడు రెట్లగును. కొన్ని నాడీకణముల విరామపటములందు ఒకదాని వెంట నొకటిగా కానవచ్చు శిఖరములకు ఇంత చక్కని వివరణము నేను మఱియొకచోట చదువలేదు.

ఈ కృషి యంతయు 1977లో జి. సంపత్, శ్రీనివాసన్‌లు కలిసి రచించి, స్ప్రింగర్ సంస్థ జీవగణిత గ్రంథమాలలో 16వ సంపుటముగా వెలువడిన పుస్తకమున సమకూడినది. ఒంటి నాడీకణము స్పందనల వరుసలకు సంభావ్యతాత్మక నమూనాలే దాని విషయము. త్వచమున అయాను ద్వారములు ఎట్లు తెరచుకొనునో ఈ మార్గము చెప్పదు. దానికి హాడ్జ్‌కిన్ మార్గమే శరణ్యము. కాని త్వచమును చూడకయే, స్పందనల కాలములను మాత్రము చేతబట్టి, లోపల నిరోధకప్రవాహ మొకటి యుండవచ్చునని యూహించుటకు ఈ గణితము దారి చూపును. రామకృష్ణన్ కీర్తి 1962 జనవరి 3న మదరాసులో ప్రారంభమైన గణితశాస్త్ర సంస్థతో ముడివడియున్నది. విశ్వకిరణములనుండి నాడీకణమునకు సాగిన యీ శాఖ దానికి దీటుగా తెలుగు శాస్త్రచరిత్రలందు చోటుచేసికొనవలసినది.