టచ్డ్ బై యాన్ ఏంజెల్

టచ్డ్ బై యాన్ ఏంజెల్ అనునది దేవదూతలు మానవరూపము ధరించి ఆపన్నులకు దైవప్రేమను ఎఱిగించుట ఇతివృత్తముగా, అమెరికాలో సి.బి.ఎస్. సంస్థ 1994 సెప్టెంబరు 21 మొదలు 2003 ఏప్రిల్ 27 వఱకు 211 భాగములలో ప్రసారము చేసిన టెలివిజన్ ధారావాహిక. జాన్ మేసియస్ దీనికి ఆద్యుడైనను, స్థిరరూప మొసగినది నిర్మాత్రి మార్తా విలియమ్సన్. చిత్రీకరణము ప్రధానముగా యూటా రాష్ట్రములోని సాల్ట్ లేక్ సిటీ ప్రాంతమున జరిగినది.

అనుభవము చాలని దూత మోనికాగా రోమా డౌనీ, మార్గదర్శిని టెస్‌గా డెల్లా రీస్, మరణదూత ఆండ్రూగా జాన్ డై నటించిరి. ప్రారంభగీతము పాడినదియు రీసే. దుఃఖమో, అపరాధభావమో పీడించు వ్యక్తి చెంత సామాన్యుల వలె మెలగిన దూతలు తుదకు తేజోవలయమధ్యమున స్వస్వరూపము వెల్లడించుటయు, శ్వేతకపోతము కనబడుటయు కథల ఆనవాయితీ. కష్టమును తొలగించుటకంటె సహించు ధైర్య మొసగుటయే తఱచుగా వారి పని. ధారావాహికలోని క్రిస్మస్ కథలలో ఒకటైన, తొలి విభాగపు (సీజన్) ‘ఫియర్ నాట్!’ 1994 డిసెంబరు 25న ప్రసారమైనది. ఈ ధారావాహికనుండి వెలువడిన ప్రామిస్డ్ ల్యాండ్ అను మఱొక ధారావాహిక 1996 నుండి 1999 వఱకు సాగినది.