ఆరేళ్ల వీసాకు అంతు లేకుండా పోయిన వైనం

తెలుగువాళ్ల అమెరికా వలస గురించి మన పత్రికల్లో, మహాసభల ప్రత్యేక సంచికల్లో అచ్చయ్యే కథ ఇంచుమించు ఒకటే. వైటూకే వచ్చింది, హైటెక్ సిటీ లేచింది, అమీర్‌పేటలో కోర్సు చేసిన కుర్రాడు హెచ్‌1బీ మీద విమానమెక్కాడు. ఇందులో అబద్ధమేమీ లేదు. కానీ కంపెనీ పూచీ మీద వెళ్లిన ఆ కుర్రాడు తల నెరిశాక కూడా కంపెనీ పూచీ మీదే ఎందుకు బతుకుతున్నాడో ఈ కథ చెప్పదు. చరిత్ర రాసేవాళ్లు ముందు తేల్చాల్సింది ఆ సంగతి.

మొదటి ఘట్టాలు అందరికీ తెలిసినవే. అమెరికా 1952 చట్టంలో హెచ్‌-1 తరగతి పుట్టింది. విశేష ప్రతిభ ఉన్నవాడు వచ్చి, కొన్నాళ్లు పనిచేసి, తిరిగి తన దేశం వెళ్లిపోవాలన్నది అప్పటి ఉద్దేశం. 1965 చట్టం తర్వాత గుంటూరు, విశాఖ, ఉస్మానియా వైద్య కళాశాలల నుంచి వెళ్లిన డాక్టర్లలో చాలామంది నేరుగా స్థిరనివాసపు హక్కుతో స్థిరపడ్డారు. వాళ్ల భవిష్యత్తు ఏ కంపెనీ ఫైల్లోనూ లేదు. ఇక్కడేమో 1977లో విజయవాడ సిద్ధార్థతో మొదలై ప్రైవేటు ఇంజనీరింగు కళాశాలలు పెరుగుతూ వచ్చాయి. 1990 చట్టం హెచ్‌1బీకి ఇప్పటి రూపమిచ్చింది. ఏడాదికి 65,000 కోటా, ఆరేళ్ల గడువు, స్థిరపడాలన్న కోరిక ఉన్నా తాత్కాలిక వీసా ఇవ్వొచ్చన్న వెసులుబాటు దానివే. ఉద్యోగం ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000 అనీ, ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించకూడదనీ గీత గీసిందీ ఆ చట్టమే. ఆ వెసులుబాటూ ఈ గీతా ఒకదానికొకటి ఎదురుపడతాయని అప్పుడెవరూ పట్టించుకోలేదు.

వైటూకేనే అసలు కారణమనే వాదానికి మొదటి అడ్డంకి తేదీలే. 65,000 కోటా 1997లోనే నిండిపోయింది. 1998 చట్టం దాన్ని రెండేళ్లకు 1,15,000 చేసింది. 2000 జనవరి 1 ఏ ప్రమాదమూ లేకుండా గడిచిపోయింది. కోటాను 1,95,000కు పెంచిన చట్టం వచ్చింది ఆ తర్వాత, అదే ఏడాది అక్టోబరులో. పాత ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాన్ని దిద్దే వైటూకే పని అయిపోయాక తలుపు మరింత తెరిచారన్నమాట. అలాగని ఆ పెద్ద కోటాను కారణంగా చూపడమూ కుదరదు. డాట్‌కామ్ కంపెనీలు కూలిపోవడంతో మూడేళ్లలో ఒక్క ఏడాదీ అది నిండలేదు. చాలామంది పెట్టె సర్దుకుని వెనక్కి వచ్చారు. 2004 నుంచి కోటా మళ్లీ 65,000కే దిగింది. అమెరికాలో మాస్టర్స్ చదివినవాళ్లకు అదనంగా 20,000 తర్వాత కలిపారు.

ఆ అక్టోబరు చట్టంలో పెద్దగా చర్చకు రాని రెండు ఏర్పాట్లు మన వలస రూపాన్నే మార్చాయని నా అభిప్రాయం. ఒకటి, కొత్త కంపెనీ పిటిషన్ వేసిన వెంటనే అక్కడ పనిలో చేరే వీలు. రెండోది, గ్రీన్‌కార్డు దరఖాస్తు నడుస్తూ ఉంటే ఆరేళ్లు దాటాక కూడా వీసాను ఏడాది చొప్పునో మూడేళ్ల చొప్పునో పొడిగించుకునే వీలు. రెండూ మేలు చేద్దామని పెట్టినవే. అంతకుముందు ఆరేళ్లు నిండితే సామాను సర్దుకోవాల్సిందే. ఇప్పుడు వెళ్లక్కర్లేదు. అయితే 7 శాతం గీత చెరగలేదు గనుక గ్రీన్‌కార్డూ రాదు. అదే చట్టం వాడకుండా మిగిలిన పాత గ్రీన్‌కార్డులను తిరిగి పంచడంతో కొన్నేళ్లపాటు గ్రీన్‌కార్డు క్యూ పైకి కనిపించలేదు. 2005 చివర భారతీయుల క్యూలో వంతును తేల్చే కటాఫ్ తేదీలు ఒక్కసారిగా ఏళ్ల వెనక్కి జరిగాక గానీ దాని పొడవు తెలియలేదు. తాత్కాలిక వీసా ఆ విధంగా ఒక తరం బతుకంతా అయింది.

నేనీ చట్టానికి మోయలేనంత బరువు ఎత్తుతున్నానని ఎవరైనా అంటే అందులో కొంత న్యాయముంది. షియాంగ్ బియావ్ అనే మానవశాస్త్రవేత్త 2000 ప్రాంతంలో సిడ్నీలోనూ హైదరాబాదులోనూ తెలుగు ఐటీ ఉద్యోగుల మధ్య తిరిగి, 2007లో వెలువరించిన పుస్తకంలో ఉద్యోగులను అద్దెకిచ్చే వ్యాపారం ఆస్ట్రేలియాలోనూ నడిచిందని చూపాడు. మనిషిని వీసా మీద తెచ్చి, బెంచీ మీద కూర్చోబెట్టి, క్లయింటు దొరికినప్పుడు అద్దెకిచ్చే కన్సల్టెన్సీలు ఒక్క అమెరికా చట్టం పుట్టించినవి కావు. కట్నం డబ్బు కోర్సులకూ వీసాలకూ పెట్టుబడి అయిన వైనాన్నీ ఆయన నమోదు చేశాడు. బెంచీ రోజులకూ జీతం ఇచ్చి తీరాలని అమెరికా 1998లోనే శాసించినా, ఆ జీతం ఎగ్గొట్టిన యజమానుల్లో మనవాళ్లూ ఉన్నారు. ఈ భాగాన్ని మన సంచికలు దాటవేయడం నాకు కష్టంగా ఉంటుంది.

అయినా పట్టు ఎక్కడుందో కాగితం చూస్తే తెలుస్తుంది. హెచ్‌1బీ ఆమోదపత్రంలో పిటిషనర్ అన్న గడిలో కంపెనీ పేరుంటుంది, ఉద్యోగి పేరు లబ్ధిదారు గడిలో ఉంటుంది. పాస్‌పోర్టులో స్టాంపింగ్ అయిన వీసా మీద కూడా కంపెనీ పేరు అచ్చయి ఉంటుంది. అడిగేది కంపెనీ, ఇచ్చేది ప్రభుత్వం. మనిషి అడిగేవాడే కాదు. కంపెనీ మారితే సాధారణంగా గ్రీన్‌కార్డుకు తొలి మెట్టయిన లేబర్ సర్టిఫికేషన్ మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, చేతిలో మిగిలేది క్యూలో తన స్థానాన్ని చెప్పే ప్రయారిటీ డేట్ ఒక్కటే. ఉద్యోగం పోతే 60 రోజుల లోపల మరో పిటిషనర్‌ను వెతుక్కోవాలి. ఆ వెసులుబాటు కూడా 2017లో వచ్చిందే. ఇల్లు కొని, పిల్లలను బడిలో వేసి, ఇరవై ఏళ్లు పన్ను కట్టిన మనిషికి దొరికే గడువు అది.

ఈ మూలాన్ని ముట్టుకోకుండా పైపైన చేసిన మార్పులకు ఇటీవలి చరిత్రలో కొదవ లేదు. హెచ్‌1బీ కోటా కోసం తీసే లాటరీకి 2023లో 7,80,000కు పైగా రిజిస్ట్రేషన్లు వస్తే, వాటిలో సగానికి మించి ఒకటికన్నా ఎక్కువసార్లు పేరు నమోదైన మనుషులవే. ఒకే కుర్రాడి పేరు నాలుగైదు కంపెనీల చేత వేయించడం నిజాయితీగా ఒక్కసారి వేసినవాడి నోరు కొట్టడమే. మరుసటి ఏడాది కంపెనీల లెక్క మాని మనిషి లెక్కన ఎంపిక మొదలుపెట్టారు. ఆ మార్పు మంచిది. 2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ప్రకటనతో కొత్త పిటిషన్లపై లక్ష డాలర్ల రుసుము పెట్టారు. దీన్ని సంస్కరణ అనడానికి నాకు మనసొప్పదు. ఒక మనిషి కోసం లక్ష డాలర్లు పోసిన కంపెనీ అతణ్ని అంత తేలిగ్గా వదులుతుందని అనుకోలేం. చట్టంలో పట్టు ఎక్కడుందో అక్కడే అది మరింత బిగుస్తుంది.

ఇప్పటికే క్యూలో ఉన్నవాళ్లకు ఆ ప్రకటన వల్ల ఒరిగిందేమీ లేదు. తల్లిదండ్రుల వంతు రాకముందే, చట్టం లెక్కలో 21 ఏళ్లు దాటిన పిల్ల వాళ్ల దరఖాస్తులోంచి తప్పుకోవాలి. నర్సరీ నుంచి అక్కడే చదివిన ఆ పిల్ల ఇప్పుడు విద్యార్థి వీసాకు దరఖాస్తు పెట్టుకోవాలి, చదువయ్యాక తన పేరు మీద పిటిషన్ వేసే కంపెనీని తనే వెతుక్కోవాలి.