ఆటోమేటిక్ కారు పెట్రోలు ఎక్కువ తాగుతుందా? రాజధాని రోడ్లపై అసలు లెక్క

ఢిల్లీ నుంచి గురుగ్రామ్‌కో, నోయిడాకో రోజూ కారులో వెళ్లివచ్చే ఉద్యోగులకు ఎడమకాలి నొప్పి కొత్త కాదు. ధౌలా కువాఁ, ఆశ్రమ్ చౌక్, సిర్హౌల్ సరిహద్దు వంటి చోట్ల వాహనాలు నత్తనడక నడుస్తుంటే క్లచ్‌ను పదేపదే తొక్కవలసి వస్తుంది. క్లచ్ పెడల్ లేని ఆటోమేటిక్ కారుపై మనసు పోవడం అందుకే. కానీ కొనే ముందు ఇంట్లో ఒక సందేహం తలెత్తుతుంది: ఆటోమేటిక్ కారు పెట్రోలు ఎక్కువ తాగుతుందట కదా! ఒకప్పుడు ఆ మాట నిజమే. నేడు మాత్రం ఆ ఆటోమేటిక్ ఏ రకానిదన్నదే ముఖ్యం.

ఆ పేరు ఎలా వచ్చింది?

పాతకాలపు ఆటోమేటిక్ కార్లలో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉండేది. ఎదురెదురుగా పెట్టిన రెండు ఫ్యాన్లలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది. ఇక్కడ గాలికి బదులు నూనె ఆ పని చేస్తుంది. ఈ క్రమంలో కొంత శక్తి వేడిగా మారి వృథా అవుతుంది. పైగా అప్పట్లో గేర్లు మూడో నాలుగో మాత్రమే ఉండేవి. తరువాతి కాలంలో వేగం అందుకోగానే రెండు వైపులనూ గట్టిగా కలిపి ఉంచే లాకప్ క్లచ్ వచ్చింది, గేర్ల సంఖ్యా పెరిగింది. దాంతో ఈ తేడా బాగా తగ్గింది. 2022లో విడుదలైన మారుతీ బ్రెజాలో కంపెనీ ప్రకటించిన మైలేజీ మాన్యువల్ వీఎక్స్ఐ రకానికి లీటరుకు 20.15 కిలోమీటర్లు కాగా, ఆరు గేర్ల ఆటోమేటిక్‌కు 19.80.

గ్రేటర్ నోయిడాలో మలుపు

2014 ఫిబ్రవరిలో గ్రేటర్ నోయిడాలో జరిగిన ఆటో ఎక్స్‌పోలో మారుతీ సెలేరియో విడుదలైంది. ఏఎంటీ అనే విధానం మన దేశంలో కారులోకి రావడం అదే మొదలు. ఇందులో గేర్‌బాక్స్ మాన్యువల్‌దే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మాత్రం కంప్యూటరు ఆజ్ఞతో పనిచేసే యంత్రాంగం చూసుకుంటుంది. టార్క్ కన్వర్టర్ లేనందున నూనెలో శక్తి జారిపోయే నష్టం లేదు. అందుకే ఆనాడు రెండు రకాలకూ ప్రకటించిన మైలేజీ ఒక్కటే: 23.1 కిలోమీటర్లు. 2021 నాటి కొత్త సెలేరియోలో ఏఎంటీయే ముందంజ వేసింది. వీఎక్స్ఐ మాన్యువల్‌కు 25.24 అయితే ఏఎంటీకి 26.68.

గేర్లకు బదులు కప్పీలు, బెల్టుతో పనిచేసే సీవీటీ మరో రకం. 2020 నాటి హోండా సిటీ పెట్రోలు కారులో మాన్యువల్‌కు 17.8, సీవీటీకి 18.4 కిలోమీటర్లని ప్రకటించారు.

పరీక్ష వేరు, ప్రయాణం వేరు

ఈ అంకెలు రోడ్డు మీద వచ్చినవి కావు. మానేసర్‌లోని ఐక్యాట్, పుణెలోని ఏఆర్ఏఐ వంటి ప్రయోగశాలల్లో కారును రోలర్లపై సుమారు 20 నిమిషాలు నడిపి లెక్కిస్తారు. వేగం గంటకు 90 కిలోమీటర్లు దాటదు. మాన్యువల్ కారులో గేరు ఎప్పుడు మార్చాలో పరీక్ష నియమాలే చెబుతాయి. ఏఎంటీలో ఆ నిర్ణయం కంప్యూటరుది. రోడ్డు మీద మాన్యువల్ కారు నడిపే మనిషి అలసిపోతాడు, విసుగుతో రెండో గేరులోనే లాగిస్తాడు, సగం క్లచ్ మీద కాలు ఆనించి ఉంచుతాడు. నిపుణుడైన డ్రైవరు మాన్యువల్‌తో మంచి మైలేజీ సాధించగలడు. కానీ సాయంత్రం ఆరు గంటల రద్దీలో ఆ నైపుణ్యం అందరికీ నిలవదు.

రూపాయల్లో చూస్తే

ఏడాదికి 12,000 కిలోమీటర్లు తిరిగే ఇద్దరిలో ఒకరి కారు లీటరుకు 15, మరొకరిది 14 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. తేడా 57 లీటర్లు. లీటరు 95 రూపాయల చొప్పున ఏడాదికి సుమారు 5,400 రూపాయలు, అంటే నెలకు 450. మరోవైపు, మైలేజీ సమానమైనా ఆటోమేటిక్ కారు కొనుగోలు ధర ఎక్కువే. ఆ అదనపు సొమ్ము సౌకర్యానికి చెల్లించే వెల. అది పెట్రోలు పొదుపు రూపంలో తిరిగి వస్తుందని ఆశించరాదు.

ఇద్దరికీ ఒకే నష్టం

అసలు వృథా నిలిచిన కారులో ఉంది. చిన్న పెట్రోలు ఇంజిన్ కదలకుండా గంటసేపు నడిస్తే సుమారు అర లీటరు ఖర్చవుతుంది, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఆ పొగ రాజధాని గాలిలోనే కలుస్తుంది. ఎర్ర దీపం పడగానే ఇంజిన్ ఆపాలని ఢిల్లీ ప్రభుత్వం 2020 అక్టోబరులో ప్రచారం చేపట్టింది ఇందుకే. ఆటోమేటిక్ కారైనా, మాన్యువల్ అయినా ఇది వర్తిస్తుంది.

ఫ్లైఓవర్ దిగేటప్పుడు న్యూట్రల్‌లో వేయడం పొదుపు కాదు. గేరులోనే ఉంచి యాక్సిలరేటరు వదిలితే నేటి ఇంజిన్లు పెట్రోలు సరఫరాను తామే ఆపుతాయి. న్యూట్రల్‌లో మాత్రం ఇంజిన్ ఆగకుండా ఉండటానికి పెట్రోలు కావలసిందే. ఎత్తుపై నిలిచిన ఏఎంటీ కారును యాక్సిలరేటరుతో పట్టి ఉంచితే క్లచ్ అరుగుతుంది, బ్రేకు వేయడమే సరైన పద్ధతి. కారు కొనేటప్పుడు “ఆటోమేటిక్ కావాలి” అని మాత్రమే చెప్పి ఊరుకోకుండా అది ఏఎంటీయా, సీవీటీయా, టార్క్ కన్వర్టరా అని అడగాలి. అదే కారు మాన్యువల్ రకం మైలేజీతో పోల్చి చూసుకున్నాకే నిర్ణయానికి రావాలి.