కొబ్బరితోటల కింది సముద్రాలు

కోనసీమలో రాయి దొరకదు. అమలాపురంలో తవ్వినా, కొత్తపేటలో తవ్వినా ఒండ్రు, ఇసుక, బంకమన్నే. పునాదికి కావాలన్నా, రోడ్డుకు కావాలన్నా రాయి ఎగువ నుంచి లారీల్లో రావలసిందే. అయినా భూగర్భ శాస్త్రవేత్తలు కొన్ని రాతిపొరలకు మన ఊళ్ల పేర్లే పెట్టుకున్నారు: రాజోలు ఫార్మేషన్, పాశర్లపూడి ఫార్మేషన్, భీమనపల్లి సున్నపురాయి. ఓఎన్‌జీసీ బావులు దిగిన కొద్దీ బయటపడ్డ పొరలివి. అవి చెప్పే కథ మాత్రం మన ఊళ్లకంటే, గోదావరికంటే కూడా చాలా పాతది.

ఆ కథ మొదలు కోనసీమలో కాదు, నెల్లూరు సీమలో ఉంది. కండ్ర దగ్గరి శిలలు దాదాపు 185 కోట్ల ఏళ్ల కిందట మూసుకుపోయిన ఒక సముద్రపు అడుగు ముక్కలు. తర్వాత, సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట, మన తూర్పు అంచు అంటార్కిటికాతో అతుక్కుంది. ఆ ఒత్తిడిలో కాగిన రాళ్లే తూర్పు కనుమల ఖోండలైట్లు. ఖోండు గిరిజనుల పేరు మీద వచ్చిన మాట అది. వాటికి జోడైన శిలలు నేటికీ అంటార్కిటికా మంచు అంచున ఉన్నాయి. సింహాచలం కొండను చూసినప్పుడు ఈ సంగతి గుర్తొస్తే ఒళ్లు జలదరిస్తుంది.

మన నేలా, అంటార్కిటికా తర్వాత కలిసి ఉన్న మహాఖండం గోండ్వానా. గోండుల నేల నుంచే ఆ పేరూ పుట్టింది. ఆ నేల మధ్యలో పడ్డ పొడవాటి పగులు వెంటే ఇప్పుడు గోదావరి నడుస్తోంది. అందులో పూడిన అడవులే సింగరేణి బొగ్గు. భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర దాన్ని గుర్తించాడు. ఆ కాలపు ఇసుకరాయి మండపేట కింద కూడా ఉంది.

ఖండాలు కదులుతాయని జర్మన్ శాస్త్రవేత్త వెగెనర్ 1912లో చెప్పినప్పుడు చాలామంది నమ్మలేదు. మన కింద ఉన్న రుజువు అప్పటికి ఎవరి కంటా పడలేదు. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా విడిపోతుంటే ఈ అంచు మెట్లుమెట్లుగా కుంగింది. ఆ పల్లాల్లోకి ఉప్పునీరు వచ్చింది. బంగాళాఖాతం పుట్టుక అదే.

6.6 కోట్ల ఏళ్ల కిందట దక్కన్ లావా పాత నదీలోయల వెంట వందల కిలోమీటర్లు పారి ఇక్కడికి చేరింది. పంగిడి, కాతేరు దగ్గర అది నల్లరాయిగా పైకి కనిపిస్తుంది. కోనసీమకు వచ్చేసరికి కిలోమీటర్ల లోతుకు దిగిపోయింది. రాజోలు ఫార్మేషన్ అదే. పంగిడి నల్లకంకర పరిచిన రాజోలు రోడ్డుకు పైనా కిందా ఒకే లావా అన్నమాట.

అప్పటికి భారత ఫలకం ఉత్తరానికి పరుగెడుతోంది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట అది ఆసియాను తాకాక టెథిస్ సముద్రం మూసుకుపోయి హిమాలయాలు లేచాయి. అటు ఒక సముద్రం ఆరిపోతున్న ఆ రోజుల్లోనే ఇటు లోతు తక్కువైన వెచ్చని నీళ్లలో భీమనపల్లి సున్నపురాయి పేరుకుంది. మనం తిరిగే లంకలూ దిబ్బలూ నిన్నమొన్నటివి, కొన్ని వేల ఏళ్లవి.

1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. అక్కడ ఎగసిన వాయువు పాత సముద్రపు బురదలో చిక్కుకున్న ప్రాణుల అవశేషాల నుంచి పుట్టిందే. ఆ హోరు విన్నవాళ్లు ఈ ఊళ్లలో ఇంకా ఉన్నారు.