పొగబండి నుంచి కరెంటు బండి దాకా: రైల్వేలు, వాయు కాలుష్యం

రైలుకు తెలుగువారు పెట్టుకొన్న పాత పేర్లు పొగబండి, ధూమశకటం. ఈ పేర్లే ఒక చారిత్రక ఆధారం. రైలును చూసిన ప్రజల దృష్టిని ముందుగా ఆకర్షించింది దాని పొగ అని ఇవి తెలుపుతాయి. ఆ పొగ ఏ కారణాల వల్ల తగ్గిందో ఈ పాఠంలో తెలుసుకొందాం. చదివేటప్పుడు ఒక ప్రశ్నను మనసులో ఉంచుకోండి: పొగ పోయిందా, చోటు మారిందా?

1. ఆవిరి యుగం

1853లో బొంబాయి-ఠాణా మధ్య మన దేశపు తొలి ప్రయాణికుల రైలును నడిపినవి ఆవిరి ఇంజన్లే. ఆవిరి ఇంజను బొగ్గులోని శక్తిలో పది శాతం కూడా చలనంగా మార్చలేదు. మిగిలినది వేడిగా వృథా అయ్యేది. దానితోపాటు పొగ, మసి గాలిలో కలిసేవి. కిటికీ పక్కన కూర్చొన్నవారి కళ్ళలో బొగ్గు నలుసులు పడేవి. ప్రయాణికుడికి అది కొన్ని గంటల ఇబ్బంది. కొలిమిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌కు, లోకోషెడ్డు కార్మికులకు, షెడ్డు పక్క వాడల్లో నివసించేవారికి మాత్రం అది నిత్యజీవితం.

2. తొలి విద్యుత్ రైళ్ళు

1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్-కుర్లా మధ్య దేశంలో తొలి విద్యుత్ రైలు నడిచింది. శివారు ప్రయాణికుల రద్దీని తట్టుకోవడం, ఆ తరువాత ఘాట్ల ఎక్కుడు మార్గాలలో బరువైన రైళ్ళను లాగడం విద్యుదీకరణకు ప్రధాన కారణాలు. గాలి శుభ్రపడటం అదనపు ఫలితం మాత్రమే. ఇక్కడ మరో విషయాన్ని గమనించండి. ఈ రైళ్ళ కోసం గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కల్యాణ్ సమీపంలో సొంత విద్యుత్కేంద్రాన్ని నిర్మించుకొంది. అక్కడ మండింది కూడా బొగ్గే.

3. డీజిల్ దశ

1964లో వారణాసి కర్మాగారం నుంచి తొలి డీజిల్ ఇంజను వెలువడింది. 1972లో చిత్తరంజన్‌లో ఆవిరి ఇంజన్ల తయారీ ఆగిపోయింది. డీజిల్ ఇంజను ఇంధనాన్ని మెరుగ్గా వాడుకొంటుంది, దట్టమైన మసిని వెదజల్లదు. అందువల్ల కాలుష్యం తీరిపోయినట్లు కనిపించింది. కాని డీజిల్ పొగలోని సూక్ష్మ కణాలు ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. ఈ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించింది. కంటికి ఆనని కాలుష్యం చరిత్రలో ఆలస్యంగా నమోదవుతుందనడానికి ఇదొక ఉదాహరణ.

4. కొత్తవలస-కిరండోల్ మార్గం

బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం ఓడరేవు ద్వారా జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో ఈ మార్గాన్ని నిర్మించారు. తొలినాళ్ళలో ఇక్కడ డీజిల్ ఇంజన్లు నడిచేవి. 1980ల ప్రారంభంలో మార్గాన్ని విద్యుదీకరించారు. దీనితో కొండ దారిలో ఇంజను పొగ తగ్గింది. అయితే రైల్వే కాలుష్యం అంటే ఇంజను పొగ ఒక్కటే కాదు. ఖనిజాన్ని, బొగ్గును వ్యాగన్లలోకి ఎత్తేటప్పుడు, దించేటప్పుడు, ఆరుబయట నిల్వ చేసినప్పుడు ధూళి లేస్తుంది. ఓడరేవు ధూళిపై విశాఖ ప్రజలు చాలాకాలంగా ఫిర్యాదు చేస్తూనే ఉన్నారు. దీనికి పరిష్కారం ఇంజను మార్పులో లేదు. నిల్వలపై కప్పు వేయడం, నీరు చల్లడం, వ్యాగన్లను మూసి నడపడం వంటి చర్యలలో ఉంది.

5. నేటి పరిస్థితి

నేడు బ్రాడ్‌గేజ్ మార్గాలలో తొంభై శాతానికి పైగా విద్యుదీకరణ పూర్తయింది. బోగీలలో దీపాలకు, ఏసీలకు డీజిల్ జనరేటర్ల బదులు ఇంజను ద్వారా పై తీగ నుంచే విద్యుత్తు తీసుకొనే పద్ధతి విస్తరించింది. 2030 నాటికి నికర కర్బన ఉద్గారాలను సున్నాకు తేవాలని రైల్వేలు లక్ష్యంగా పెట్టుకొన్నాయి. కాని దేశపు విద్యుత్తులో అధిక భాగం ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. రైల్వే స్టేషన్‌లో తగ్గిన పొగలో కొంత రామగుండం వంటి విద్యుత్కేంద్రాల పొగగొట్టాలకు చేరింది. అక్కడ దానిని వడపోయడం సులభం. సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ దానిని తగ్గించడమూ సాధ్యమే. విద్యుదీకరణ అసలు విలువ ఇదే. అయితే ఆ పని జరిగేవరకు విద్యుత్కేంద్రాల చుట్టుపక్కల నివసించేవారు మన ప్రయాణానికి మూల్యం చెల్లిస్తూనే ఉంటారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

మీకు సమీపంలోని జంక్షన్‌లో పనిచేసి పదవీ విరమణ చేసిన ఒక రైల్వే కార్మికుడిని కలవండి. ఆయన చూసిన ఇంజన్ల మార్పును, దానివల్ల గాలిలో వచ్చిన తేడాను అడిగి ఒక పేజీలో రాయండి. ఆ మార్పు వల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి జరగలేదు అనే అంశాలను తప్పక చేర్చండి.