రెండవ స్థానం చెప్పని చరిత్ర: ‘గాడ్ సేవ్ ది క్వీన్’ (1977)

రెండవ ఎలిజబెత్ రాణి పాలనకు 25 ఏళ్లు నిండిన సందర్భంగా 1977లో బ్రిటన్ రజతోత్సవాలు జరుపుకొంది. ఆ వేడుకల ముంగిట, మే 27న, లండన్ పంక్ రాక్ బృందం సెక్స్ పిస్టల్స్ జాతీయగీతం పేరుతోనే ‘గాడ్ సేవ్ ది క్వీన్’ అనే సింగిల్ రికార్డును వెలువరించింది. ఉత్సవాలను ఎగతాళి చేయడానికే దీనిని రాశారన్న అభిప్రాయం ప్రచారంలో ఉంది. కాని ఈ పాట అంతకుముందే ‘నో ఫ్యూచర్’ అన్న పేరుతో రూపొందింది. విడుదలైన సమయమే దానికి రాజద్రోహపు అర్థాన్ని ఆపాదించింది.

మార్చిలో ఎ అండ్ ఎం సంస్థ ఈ బృందంతో ఒప్పందం కుదుర్చుకొని, వారం తిరక్కుండానే రద్దు చేసుకొంది; అచ్చయిన రికార్డులలో అధికభాగాన్ని ధ్వంసం చేయించింది. చివరకు వర్జిన్ సంస్థ విడుదల చేసింది. బీబీసీ ప్రసారాన్ని నిషేధించింది. కొన్ని పెద్ద దుకాణాలు అమ్మకానికి నిరాకరించాయి. అయినప్పటికీ అధికారిక పట్టికలో ఇది రాడ్ స్టీవర్ట్ రికార్డు తరువాత రెండవ స్థానంలో నిలిచింది. ఎన్‌ఎంఈ పత్రిక పట్టికలో ప్రథమ స్థానానికే చేరింది. అధికారిక లెక్కలను తారుమారు చేశారన్న ఆరోపణ నేటికీ నిరూపితం కాలేదు. అది నిజం కాకపోయినా, అమ్మడానికే ఒప్పుకోని దుకాణాలున్న చోట ఆ స్థానాన్ని ప్రజాభిరుచికి కొలమానంగా స్వీకరించడం సరికాదు.

ప్రతిస్పందన పట్టికలకే పరిమితం కాలేదు. జూన్ 7న థేమ్స్ నదిపై పడవలో బృందం ఇచ్చిన ప్రదర్శన పోలీసుల అరెస్టులతో ముగిసింది. అదే నెలలో గాయకుడు జానీ రాటెన్‌పై లండన్‌లో కత్తులతో దాడి జరిగింది.